అపోలో నాటకశాలలో జేమ్సు బ్రౌను

1962వ సంవత్సరము అక్టోబరు 24వ తేది, బుధవారము. ఆ యుదయముననే క్యూబా ద్వీపము చుట్టును అమెరికా నౌకాదళము దిగ్బంధనమును ప్రారంభించెను. రెండు మహారాజ్యములు అణ్వస్త్రములతో నెదురెదురుగా నిలిచియుండగా, రేపటి దినమొకటి యుండునో లేదో యని లోకము ఊపిరి బిగబట్టియుండెను. ఆ రాత్రి న్యూయార్కు నగరమున నల్లజాతివారు నివసించు హార్లెం పేటలో, 125వ వీథిలోని అపోలో నాటకశాలయందు, జేమ్సు బ్రౌను అను ఇరువదితొమ్మిదేండ్ల గాయకుడు పాడెను. (మన నిఘంటుకర్తయైన బ్రౌను దొరకును ఇతనికిని పేరొక్కటే గాని సంబంధము లేదు.) ఆ కచేరిని మైకులు పెట్టి టేపుపై కెక్కించిరి. తరువాతి సంవత్సరము మే నెలలో అది లాంగ్ ప్లే రికార్డుగా వెలువడెను. మొత్తము వినుటకు సుమారు అరగంట పట్టును.

పాటకచేరి రికార్డు చరిత్రవ్యాసమునకు వస్తువు కాదగునా యని చదువరులలో కొందఱు సందేహింపవచ్చును. మన చరిత్రకారులకు శాసనములు, దానపత్రములు, విదేశయాత్రికుల వ్రాతలు ఆధారములు. అవి వ్రాయించినవాని మాటను చెప్పును. విన్నవాని మాటను చెప్పవు. కృష్ణదేవరాయల కొలువులో పద్యము చదువబడినప్పుడు వెనుక వరుసలో నిలుచున్న వాడు ఏమనుకొనెనో మన కెన్నడును తెలియదు. ఈ రికార్డునందు పాడినవానితోపాటు విన్నవారును ఉన్నారు. వారిలో ఒక్కరి పేరైనను రికార్డు చెప్పదు. అయినను వారెక్కడ నవ్విరో, ఎక్కడ కంఠము తడబడెనో, ఎక్కడ గాయకునికంటె ముందే పాట నందుకొనిరో క్షణము తప్పకుండ వినవచ్చును. అందుచేత దీనిని సంగీతముగా మాత్రమే కాక, ఒక పేట ప్రజల సాక్ష్యముగా విచారింప దలచితిమి.

ముందుగా ఆ యింటి సంగతి. ఆ కట్టడము 1914లో తెఱవబడినప్పుడు దాని పేరు అపోలో కాదు. హర్టిగ్, సీమన్ అను నిరువురు నడపిన బర్లెస్కు ఆటలశాల యది. బర్లెస్కు అనగా వెకిలి హాస్యమును, అర్ధనగ్న నృత్యమును కలిపిన వినోదము. అట్టి వినోదమునకైనను నల్లవారిని ప్రేక్షకులుగా లోనికి రానిచ్చెడివారు కారు. దక్షిణరాష్ట్రములలో ప్రత్తిచేల కూలిచేత బ్రతుకు సాగక, అల్లరిమూకలు చెట్లకు వ్రేలాడదీయు దారుణములకు వెఱచి, వేలకొలది నల్లకుటుంబములు ఉత్తరనగరములకు తరలివచ్చుచున్న కాలమది. కొలది సంవత్సరములలో హార్లెం వీథులు వారితో నిండిపోయెను. శాల తలుపులు మాత్రము తెఱచుకొనలేదు. 1934 జనవరిలో కొత్త యజమానులు దానికి అపోలో అని పేరుపెట్టి, ఆ పేటలో నున్న వారి కొఱకే ఆటలు నడుప మొదలిడిరి. ఇది దయాధర్మమని మేము చెప్పజాలము. చుట్టుపట్ల టిక్కెట్టు కొనువారు వారే యైనప్పుడు తలుపు తెఱచుట వ్యాపారము.

తెఱచిన తలుపులోనికి వచ్చినవారు మాత్రము అణగి మణగి కూర్చుండలేదు. సుమారు పదునైదువందల మంది పట్టు ఆ శాలలో బుధవారపు రాత్రులయందు క్రొత్తవారికి పోటీలు జరుగుచుండెను. పాడవచ్చినవారు రంగస్థలముపై నుంచిన యొక చెట్టు మొద్దును అదృష్టము కొఱకు చేతితో నిమిరి ముందునకు వచ్చెడివారు. పేటలోని పని లేని పాటకాండ్రు పూర్వము ఏ చెట్టు నీడను చేరి అవకాశముల కొఱకు కనిపెట్టుకొని యుండిరో, వీథి వెడల్పు చేయునపుడు కొట్టివేసిన ఆ 'ఆశావృక్షము' ముక్కయే ఆ మొద్దు. సభకు నచ్చెనా, నెత్తికెత్తుకొనును. నచ్చదా, పల్లవి ముగియకముందే కేకలతో దింపివేయును. 1934లో ఎల్లా ఫిట్జెరాల్డు అను పదునేడేండ్ల తల్లి లేని పిల్ల, నృత్యము చేయుటకై వచ్చి, ధైర్యము చాలక పాట పాడి, ఆ సభ చేతనే బహుమతి పొందెను. మేము పరీక్షలు పెట్టుటయే వృత్తిగా గలవారము. ఇంత కఠినమును ఇంత తడవు లేనిదియు నైన పరీక్షను మే మెన్నడును ఎఱుగము.

ఇక గాయకుని సంగతి. జేమ్సు బ్రౌను 1933 మే 3వ తేదిని దక్షిణ కెరొలీనా రాష్ట్రములోని బార్న్‌వెల్ ప్రాంతమున నిఱుపేద యింట పుట్టెను. తల్లిదండ్రులు విడిపోగా జార్జియా రాష్ట్రపు అగస్టా పట్టణమున బంధువురాలొకతె నడుపు వేశ్యాగృహమునందు పెరిగెను. బూట్లు తుడిచెను, ప్రత్తి ఏరెను, సైనికుల యెదుట వీథిలో గంతులు వేసి చిల్లర సంపాదించెను. ఒంటిమీద తగిన బట్టలు లేవని బడినుండి ఇంటికి పంపివేయబడితినని అతడు తన యాత్మకథలో చెప్పుకొనెను. ఉపాధ్యాయులమగుటచే ఈ యొక్క విషయము వద్ద మా చూపు ఆగిపోయినది. పదునాఱవ యేట దొంగతనము నేరమునకై చెఱసాలకు పోయెను. మూడేండ్ల తరువాత, 1952లో, టొకోవా పట్టణపు బాబీ బర్డు అను యువకుని కుటుంబము పూచీ వంటి యాదరణ చూపుటచేత విడుదలయ్యెను. ఆ బర్డు గానమేళములోనే ఇతడు చేరెను. కొన్నాళ్లకు మేళము ఇతనిదయ్యెను.

వారు పాడినది 'సోల్' అని పేరొందిన బాణి. ఆ మాటకు ఆత్మ యని యర్థము. నల్లవారి చర్చిలలో దేవునిగూర్చి ఎలుగెత్తి పాడు పద్ధతిని తీసికొని లౌకికమైన ప్రేమపాటలకు తగిలించుటచేత అది పుట్టినది. మన క్షేత్రయ్య శృంగారమునుండి భక్తికి దారి వేసినాడు. వారు భక్తినుండి శృంగారమునకు వేసికొనిరి. చర్చిలో ఉపదేశకు డొక మాట యనగానే సభ బదులు పలుకును. ఆ బదులు లేనిదే ఉపదేశము సాగదు. ఈ యలవాటు కూడ పాటతోపాటే చర్చి గడప దాటి బయటికి వచ్చెను.

బ్రౌను పాటలను ప్రకటించినది సిన్సినాటి నగరమందలి కింగ్ రికార్డుల కంపెనీ. దాని యధిపతి సిడ్ నేథను వ్యాపారదక్షుడు, మొండివాడు. 1956లో వెలువడిన బ్రౌను మొదటి పాట అతనికి పరమ రోతగా తోచెను. అది విశేషముగా అమ్ముడుపోయెను. తరువాతి తొమ్మిది రికార్డులు వరుసగా పడిపోగా, 1958లో 'ట్రై మీ' అను పాట బ్రౌనును మరల నిలువబెట్టెను. 1960లో బ్రౌను తన వాద్యబృందముచేత ఒక నాట్యపు బాణీని వాయింపించి ప్రకటింపగోరగా నేథను వలదనెను. అది మఱియొక కంపెనీనుండి మారుపేరుతో వెలువడి జనాదరణ పొందెను. ఇన్ని జరిగిన పిమ్మట, అపోలోలో తన కచేరిని సభతో సహా రికార్డు చేయింపవలెనని బ్రౌను కోరెను. నేథను ససేమిరా యనెను.

నేథను వాదమును తోసివేయుట సులభము గాని, న్యాయముగా వినవలసియున్నది. నల్లవారు కొనునవి ఒక్కొక్క పాట గల చిన్న రికార్డులు. లాంగ్ ప్లే రికార్డు వెల ఎక్కువ. పాటలన్నియు అంతకుముందే చిన్న రికార్డులుగా అమ్ముడుపోయినవే. కొత్త పాట యొక్కటియు లేదు. స్టూడియోలో శుభ్రముగా పాడిన దానిని ఇంట నుంచుకొన్నవాడు, అదే పాటను జనము అఱపులతో కలిపి మరల నేల కొనును? లెక్కలలో తప్పు లేదు. కాని ఆ లెక్కలో అఱపులు ఖర్చు పద్దున వ్రాయబడెను. బ్రౌను వానిని జమ పద్దున వ్రాసికొనెను. అప్పటికే రే చార్లెసు అను అంధగాయకుని సభాకచేరులు రికార్డులై పేరుగాంచియుండెను. అవి బ్రౌనునకు ధైర్యమిచ్చియుండును. కంపెనీ సొమ్మీయకపోగా అతడు తన సొంత ధనము 5,700 డాలర్లు పెట్టి రికార్డింగు చేయించెను. ఆనాడు అమెరికాలో నడిమితరగతి కుటుంబమొకటి సంవత్సరమంతయు సంపాదించు సొమ్ము సుమారు 6,000 డాలర్లు. బట్టలు చాలవని బడినుండి పంపబడినవాడు తన సభాసదుల కేకలపై పెట్టిన పందెమిది.

రికార్డు మొదలగునపుడు ఆర్గను వాయించు లూకాసు గాండరు ముందునకు వచ్చి, మన వందిమాగధులు బిరుదావళి చదివినట్లు, గాయకుని పాటల పేర్లను ఒక్కొక్కటిగా చదువును. ఒక్కొక్క పేరునకు వాద్యబృందము ఒక్కొక్క మెట్టు పైస్వరమున ఘాతము వేయును. ఘాతము వెంట సభ కేక వేయును. గాయకు డింకను నోరు విప్పనే లేదు, సభ యప్పుడే పతాకస్థాయి నందుకొనెను. తరువాత పాటలు ఒకదానిపై నొకటి తోసికొని వచ్చును. చప్పట్లకు కూడ తావీయక, ఒక పాట తోక పట్టుకొనియే మఱియొకటి మొదలగును. ఈ మొదటి భాగమును గూర్చి మేమెక్కువ చెప్పము. చక్కని కచేరి, అంతియే.

'లాస్ట్ సమ్‌వన్' అను పాటతో ఆ రాత్రి అసలు కథ మొదలగును. పోగొట్టుకొన్న ప్రియురాలిని గూర్చిన సామాన్యమైన పాట యది. 1961 నాటి చిన్న రికార్డులో మూడు నిమిషముల మాత్రమున్నది. ఇక్కడ పది నిమిషములు దాటినది. పెరిగినది సాహిత్యము కాదు. వాద్యములు అదే చిన్న నడకను ఊయెల వలె తిప్పి తిప్పి వాయించుచుండును. గాయకుడు ఒక్క మాట పలికి ఆగును. ఆ ఖాళీలో ఎక్కడినుండియో ఒక స్త్రీ కంఠము బదులిచ్చును. అతడు కంఠము తగ్గించును. సభ యంతయు తగ్గును. అతడు మూలుగును, మేడమీదినుండి ఎవరో కేక వేయుదురు, ఆ కేకకు చుట్టుపట్లవారు నవ్వుదురు, ఆ నవ్వు నాతడు విని మఱికొంత సేపు మౌనము వహించును. నాతో కూడ కేక వేయుడని అడుగును; వేయుదురు. మన బుఱ్ఱకథలో వంతలు తందాన యని అందుకొనుట కలదు. కాని వంతలు వేదికమీదివారు, ముందుగా నేర్చినవారు. ఇక్కడ వంత పాడినవారు టిక్కెట్టు కొనుక్కొని వచ్చినవారు. ఏ మాటకు ఎవ్వరు బదులీయవలెనో ఎవ్వరును వారికి చెప్పలేదు. అయినను ఒక్కటియు తాళము తప్పి పడలేదు.

ఆ రాత్రిని గూర్చి బ్రౌను తన యాత్మకథలో ఒక ముచ్చట చెప్పెను. ఆ దినమున ఒకటికంటె ఎక్కువ ఆటలు జరిగెను. మొదటి ఆట టేపును నడుమ వినిచూడగా, ముందు వరుసలో నున్న యొక వృద్ధురాలు గాయకుని ప్రోత్సహించుచు పచ్చిబూతు మాట యొకటి పదే పదే అఱచుట స్పష్టముగా వినబడెనట. టేపు చెడిపోయినదని రికార్డింగువారు తల పట్టుకొనిరి. కాని విన్నవారెల్ల పడిపడి నవ్వుటచే, ఆమెను బ్రతిమాలి తరువాతి ఆటలకు కూడ ఉంచుకొని, మైకును మాత్రము కొంచెము దూరముగా జరిపిరట.

మా చదువరులు గౌరవముగల గృహస్థులు. ఇట్టి కేకలను వినోదమందురా యని ముఖము చిట్లింపవచ్చును. హార్లెంలో సైతము చదువుకొన్న నల్లవారిలో, ఈ పాటలు మన జాతికి తలవంపులని తలచినవారు లేకపోలేదు. సంస్కారము కోరువారి కందఱకు నుండు దౌర్బల్యమిది. తమవారు తెల్లవారి యెదుట మెల్లగా మాటాడవలెనని వారి కోరిక. కాని మన యాలంకారికులను ఒక్కమాఱు తలచుకొందము. రసము సహృదయుని యందు నిష్పన్నమగునని అభినవగుప్తుడు సిద్ధాంతీకరించెను. నిరంతరాభ్యాసముచేత మనస్సు అద్దమువలె నిర్మలమై, వర్ణింపబడిన దానితో తన్మయత్వము నొందువాడు సహృదయుడు. ఆ మాట వినగానే మన కన్నులయెదుట శాలువ కప్పుకొని తల యూచు పండితుడు నిలుచును గాని, ఎట్లు కూర్చుండవలెనో ఆచార్యుడు శాసింపలేదు. ఇరువది యెనిమిదేండ్లుగా వారము వారము ఆ శాలకు వచ్చి, మంచిని చెడ్డను నిమిషములో తేల్చి, ఆదివారము ఉదయము చర్చిలో బదులు పలుకుటను చిన్ననాటినుండి అభ్యసించిన ఆ జనము కంటె సాధన చేసిన సహృదయు లెవ్వరు? ఆ వృద్ధురాలి నోట వచ్చినది బూతు మాటయే. ఆమె అఱచిన చోటు మాత్రము సరియైన చోటు.

రికార్డు 1963 మే నెలలో వెలువడెను. సంగీతవ్యాపారమునకు ప్రమాణమైన బిల్‌బోర్డు పత్రికవారి లాంగ్ ప్లే రికార్డుల పట్టికలో అది 66 వారములు నిలిచి, రెండవ స్థానమువఱకు ప్రాకెను. ఇది నల్లవారికై వేఱుగా నుంచిన పట్టిక కాదు. దేశమంతటికిని చెందిన పట్టిక. రేడియోలలో పాటకొక పాట వేయు వాడుకను విడిచి, ఒక ప్రక్క మొత్తము వినిపించి, రికార్డు త్రిప్పునపుడు మాత్రమే వ్యాపారప్రకటనలు చదివెడివారు. అదే మే నెలలో అలబామా రాష్ట్రపు బర్మింగుహాం నగరమున, సమానహక్కులు కోరి ఊరేగిన నల్లపిల్లలపై పోలీసులు కుక్కలను వదలి, నీటిగొట్టములతో కొట్టిరి. రికార్డులో రాజకీయములను గూర్చి యొక్క మాటయు లేదు. ఉన్నదని చెప్పుట అసత్యమగును. తమ యింట తాము ఎవ్వరికిని జంకక ఎలుగెత్తిన జనము గొంతు మాత్రము ఆ వేసవిలో తెల్లవారి యిండ్లలోను మ్రోగెను.

ఇంతటి పనిని చేసినవాని లోపములను దాచుట మాకు సమ్మతము కాదు. ఆ రాత్రి అతనితో గొంతు కలిపి పాడిన 'ఫేమస్ ఫ్లేమ్స్' మేళమువారు, బాబీ బర్డు, బాబీ బెన్నెట్టు, లాయిడ్ స్టాల్‌వర్తు అను మువ్వురు. రికార్డు అట్టపై వారి పేరు లేదు. రాక్ అండ్ రోల్ కీర్తిమందిరమువారు 1986లో బ్రౌను నొక్కనినే చేర్చుకొనిరి. మేళమువారిని చేర్చుకొన్నది 2012లో. చెఱసాలనుండి వచ్చిననాడు బ్రౌనునకు ఇల్లు చూపిన బర్డు అప్పటికి ఐదేండ్ల క్రిందటనే మరణించియుండెను. వాద్యకాండ్రు ఒక స్వరము తప్పినను, బూటు మెఱయకున్నను జుల్మానా వేయుట బ్రౌను నియమము. అంతకంటె చెప్ప మనసు రానిది యొకటి కలదు. రికార్డులో అతని విరహమునకు స్త్రీకంఠములే ఎక్కువగా బదులు పలికినవి. అతని యింటి స్త్రీలు మాత్రము అతనిచేతి దెబ్బలను గూర్చి పోలీసులకు మొఱపెట్టుకొనిరి. 2004లో అట్టి యభియోగమును తాను ఎదిరింపనని అతడు న్యాయస్థానమున ఒప్పుకొనెను. పాట బాగున్నదని దీనిని మఱచుటయు, దీనికై పాటను చెఱిపివేయుటయు రెండును మాకు చేతకావు.

తరువాతి కాలమున బ్రౌను పాటయందలి రాగమును తగ్గించి తాళమును పెంచి, ప్రతి యావర్తమున మొదటి దెబ్బకే ప్రాణము పోసి, 1965 మొదలు 'ఫంక్' అను కొత్త బాణీని నెలకొల్పెను. అపోలోలోనే 1967లో మఱియొక కచేరిని రికార్డు చేసెను. అతడు 2006 డిసెంబరు 25వ తేదిని చనిపోగా, మూడవనాడు భౌతికకాయమును తెల్ల గుఱ్ఱములు లాగు బండిపై 125వ వీథికి తెచ్చి, ఆ రంగస్థలముమీదనే ఉంచిరి. జనము చలిలో వరుస కట్టి లోనికి పోయి చూచి వచ్చిరి.

1962 నాటి అసలు టేపులు కంపెనీలు చేతులు మాఱుటలో ఎక్కడనో కలిసిపోయి చిరకాలము దొరకలేదు. దొరికిన పిమ్మట, 1990లో, ఆ కచేరి కాంపాక్టు డిస్కుగా వచ్చెను. 2004లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు భద్రపఱుపదగిన జాతీయ ధ్వనిముద్రణముల జాబితాలో దానిని చేర్చిరి. పాత రికార్డులో ప్రక్కకు పట్టు కాలము చాలక 'లాస్ట్ సమ్‌వన్' పాటను నడుమ త్రుంచి రెండు ప్రక్కలకు పంచియుండిరి. శ్రోత లేచి వెళ్లి, రికార్డు త్రిప్పి, ముల్లు పెట్టువఱకు ఆ సభ ఊపిరి పట్టుకొని యుండవలసి వచ్చెడిది. డిస్కులో రెండు ముక్కలను అతికిరి. ఇప్పుడు పది నిమిషములును విరామము లేక నడచును.